క్వాడ్రాటిక్కా, ఎక్స్‌పొనెన్షియలా? నాలుగు నంబర్లతో పట్టేద్దాం

ఈరోజు నేను చెప్పేది చిన్న విషయమే. కానీ ఎగ్జామ్‌లో పనికొస్తుంది, జేబుకీ పనికొస్తుంది.

రెండు వరుసలు చెప్తా, రాసుకోండి. మొదటిది 4, 9, 16, 25. రెండోది 4, 8, 16, 32. రెండూ 4తోనే మొదలయ్యాయి, మూడో చోట రెండిట్లోనూ 16 ఉంది. మరి తేడా ఎలా తెలుస్తుంది?

పక్కపక్క నంబర్లు తీసివేయండి. మొదటి వరుసలో తేడాలు 5, 7, 9. ఆ తేడాలకి మళ్లీ తేడా తీస్తే 2, 2. మారట్లేదు కదా? అయితే అది క్వాడ్రాటిక్, అంటే వర్గ ప్రమేయం. ఇందులో ఎక్స్ కింద ఉంటుంది, దాని నెత్తిన 2 ఉంటుంది.

రెండో వరుసలో తేడాలు 4, 8, 16. మళ్లీ తీసినా 4, 8. ఎన్నిసార్లు తీసినా డబుల్ అవుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ భాగించాలి. 8ని 4తో, 16ని 8తో, 32ని 16తో భాగిస్తే ప్రతిసారీ 2 వస్తుంది. ఇది ఎక్స్‌పొనెన్షియల్, అంటే ఘాత ప్రమేయం. ఇందులో 2 కింద, ఎక్స్ నెత్తిన. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎక్స్ విలువలు 1, 2, 3 అని సమానంగా పెరిగితేనే ఈ రెండు పరీక్షలూ పనిచేస్తాయి.

ఇప్పుడు జేబు సంగతి. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి 10,000 అప్పు తీసుకున్నారనుకోండి. కట్టకపోతే వడ్డీ అసలులో కలుస్తుంది. బాకీ 10,300, తర్వాత 10,609, తర్వాత సుమారు 10,927. తేడాలు 300, 309, 318. వాటి తేడా రెండుసార్లూ 9 దగ్గరే! క్వాడ్రాటిక్ అనిపిస్తుంది. భాగించి చూడండి, ప్రతిసారీ 1.03. అదే చక్రవడ్డీ.

ఐదేళ్లు ఏమీ కట్టకపోతే? బారువడ్డీ అయితే 28,000. ఆ 9 అలాగే ఉండిపోయే క్వాడ్రాటిక్ అయితే 43,930. నిజంగా అయ్యేది సుమారు 58,916. మొదటి మూడు నెలలు చూస్తే ఈ తేడా కంటికి ఆనదు. అందుకే అప్పు తీసుకునే ముందు ఒక్క మాట అడగండి: కట్టని వడ్డీ మీద మళ్లీ వడ్డీ పడుతుందా?

చివరగా మీకో పని. పైనుంచి వదిలిన రాయి 1, 2, 3, 4 సెకన్లలో పడే దూరం సుమారుగా 5, 20, 45, 80 మీటర్లు. ఇది ఏ రకం? మొదటి రెండు చూసి నాలుగు రెట్లు అనేయకండి. నాలుగూ చూసి చెప్పండి. ఉంటా మరి!