చాందినీకి విశ్రాంతి ఎప్పుడు?

నంద్యాలలో పెళ్ళి బరాతులకు గుర్రాన్ని నడిపే కుటుంబం మాది. తాతగారి కాలంలో జట్కా ఉండేది. ఆటోలు వచ్చాక బండి మూలపడింది, గుర్రం మాత్రం మిగిలింది. ఇప్పుడు మా పెరట్లో ఉన్నది చాందినీ. మార్వాడీ జాతి ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుతుంటాయి. మహారాష్ట్రలో తపతీ నది ఒడ్డున సారంగఖేడాలో ఏటా జరిగే గుర్రాల సంతలో అబ్బాజాన్ దానిని కొన్ననాటికి దాని వయసు నాలుగేళ్ళు, రంగు ఇనుము వంటి బూడిద. ఏడాదికేడాది వెంట్రుకలు తెల్లబడి పాలనురుగులా అయింది. తెల్లగుర్రాలని మనం అనుకునేవాటిలో చాలావరకు పుట్టుకతో తెల్లనివి కావు. పెళ్ళివారికి తెల్లగుర్రమే కావాలి గనుక వయసు పెరుగుతున్నకొద్దీ చాందినీకి గిరాకీ కూడా పెరిగింది. అందులోని విడ్డూరం అప్పట్లో మాకు తట్టలేదు.

ఇప్పుడు దానికి పదహారేళ్ళు. మూడేళ్ళుగా ముంగాళ్ళ గిట్టల జబ్బుతో బాధపడుతున్నది.

మొదటిసారి అది బయటపడినది షవ్వాల్ నెలలో, పెళ్ళిళ్ళ ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో. ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చిన అబ్బాజాన్‌కు చాందినీ వింతగా నిలబడి కనిపించింది. ముంగాళ్ళు ముందుకు చాచి, బరువంతా వెనుక కాళ్ళపై వేసి, నాలుగడుగుల దూరంలోని నీళ్ళ తొట్టి వైపు కూడా కదలలేదు. లాడం మేకు గుచ్చుకున్నదేమోనని మేము భావించాము. గిట్టపై చేయి వేస్తే కాలిపోతున్నది.

పశువైద్యుడు వచ్చి చూసి, ఇది మేకు పని కాదన్నారు. గిట్ట గోడను లోపలి ఎముకతో అతికి ఉంచే మెత్తని పొరలు ఉంటాయట. వాటికి వాపు వస్తుంది. పైనున్న గిట్ట గట్టిది గనుక ఆ వాపుకు చోటు ఉండదు. మన గోరు కింద చీము పట్టితే ఎంత సలుపుతుందో మనకు తెలుసు. అటువంటి గోరుపైనే శరీరం బరువంతా మోపి నడవవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. జబ్బు ముదిరితే ఆ పొరల పట్టు సడలి, ఎముక మొన కిందికి వాలి అరికాలి వైపు దిగుతుంది. తరువాత తిరుపతి పశువైద్య కళాశాలలో తీయించిన ఎక్స్‌రేలో ఎడమకాలి ఎముక కొద్దిగా వాలినట్లు కనిపించింది.

“ఏం తినిపిస్తున్నారు సాయిబు గారూ?” అని డాక్టరు అడిగినప్పుడు అబ్బాజాన్ గర్వంగానే చెప్పారు: ఉలవ గుగ్గిళ్ళు, శనగలు, రోజూ బెల్లం ముక్క. బరాతులో పెళ్ళివారు ప్రేమగా పెట్టే లడ్డూలు, బూందీ వేరు. డాక్టరు కొంతసేపు మౌనంగా ఉండి, “మీ ప్రేమే దాని కాళ్ళకు చేటు చేసింది” అన్నారు. పిండిపదార్థం, చక్కెర మితిమీరితే గుర్రానికి ఈ జబ్బు రావచ్చును. సిమెంటు, తారు రోడ్లపై ఏళ్ళ తరబడి వేసిన అడుగులు దానికి తోడయ్యాయి. 2020లో బరాతులు ఆగిపోయి చాందినీ కట్టుకొయ్య దగ్గరే నిలబడిపోయిన నెలల్లోనూ మేము ఉలవలు తగ్గించలేదు. అమ్మీ గాజులు అమ్మి మరీ పెట్టాము. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చేయలేదు.

నాటినుండి మా దినచర్య మారింది. గుగ్గిళ్ళు, బెల్లం పూర్తిగా మానివేశాము. ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి, అందులోని చక్కెర కొంత దిగిపోయాక పెడుతున్నాము. పాకలో రాళ్ళు తీసివేసి మందంగా ఇసుక పోశాము. లాడాలు కొట్టే పెద్దాయన డాక్టరు చెప్పిన కొలతకు గిట్ట ముందుభాగాన్ని చెక్కుతున్నారు. పొద్దునే గిట్టపై చేయి ఉంచి వేడి చూడటం, గిట్టకు పైనున్న కీలు వెనుక వేళ్ళు ఆనించి నాడి చూడటం మా ఇంట్లో పిల్లలకు కూడా వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ నాడి వేళ్ళకు అందీ అందనట్లుంటుంది; బలంగా కొట్టుకుంటున్నదంటే జబ్బు మళ్ళీ తలెత్తిందన్నమాట. గుర్రాలు పెంచే సోదరులు ఈ ఒక్క పరీక్ష నేర్చుకున్నా చాలా మేలు.

నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ మందు ఉన్నది. అది వాడితే చాందినీ రెండు రోజుల్లో చక్కగా నడుస్తుంది. మా కష్టమంతా అక్కడే. ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పైగా నొప్పి కనబడకపోయినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. కుదుటపడిందని రెండుసార్లు బరాతుకు పంపాము. రెండుసార్లూ వారం తిరగకుండానే మళ్ళీ పడకేసింది. రెండవసారి అది పడుకొని లేవలేక మూలిగిన మూలుగు మేము మరచిపోలేము.

గత శీతాకాలంలో ఒక దళారి వచ్చాడు. ముందుగా ఒక సూది వేయించండి, కుంటు కనబడదు, మంచి ధర పలుకుతుంది, ఆ డబ్బుతో వయసులో ఉన్న గుర్రాన్ని తెచ్చుకోండి అన్నాడు. పెద్దన్నయ్య మౌనంగా ఉన్నాడు. ఇద్దరు పిల్లల చదువు అతని తలపై ఉన్నది, అతనిని తప్పుపట్టలేము. అబ్బాజాన్ మాత్రం, పైన పొడి ధాన్యం పోసి కింద తడి ధాన్యం దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంగతి గుర్తుచేసి, “లోపం చెప్పి అమ్మితే దీనిని కొనేవాడెవడు? చెప్పకుండా అమ్మితే రేపు మనం ఏమని జవాబు చెప్తాము?” అన్నారు. కొన్నవాడు దానిని మళ్ళీ రోడ్డెక్కిస్తాడన్నది మరో భయం. ఒక అన్సారీ తోటలో ఒంటె కన్నీరు కారుస్తుంటే ప్రవక్త (స) దాని తల నిమిరి, ఆకలితో మాడుస్తూ గొడ్డుచాకిరీ చేయిస్తున్నావని యజమానిని హెచ్చరించిన హదీసు మేము చిన్నప్పటినుండి వింటున్నదే. జబ్బుతోనో వయసుతోనో పనికి తగని జంతువుచేత పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

అయినా విశ్రాంతి అనే మాట పలకడం తేలిక. చక్కగా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు, ఆపైన కూడా బతుకుతుంది. సంపాదన లేకుండా మరో పదేళ్ళు గడ్డి, మందులు, లాడాల పెద్దాయన కూలి. పెద్దన్నయ్య ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. తాతగారి బండిని మూలకు నెట్టిన ఆటోయే నేడు ఆయన గుర్రానికి గడ్డి పెడుతున్నది. ఊరి బయట పొలం ఉన్న ఒక బంధువు, మెత్తని నేలపై దానిని ఉంచుకుంటానన్నారు. పచ్చగడ్డిపై ఇష్టమొచ్చినట్లు మేయనివ్వకూడదని ఆయనకు ఇప్పటికి మూడుసార్లు చెప్పాము. పంపాలా, వద్దా అన్నది ఇంకా తేలలేదు. అబ్బాజాన్ జరీ జీనును అమ్మనివ్వడం లేదు.

మొన్న రాత్రి మా వీధి చివర బరాతు వెళ్ళింది. బ్యాండు వినిపించగానే చాందినీ చెవులు నిక్కబొడుచుకొని, పగ్గం లాగుతూ, కుడి ముంగాలితో ఇసుకను తవ్వసాగింది. మేళం దూరమయ్యేదాకా అబ్బాజాన్ దాని మెడపై చేయి వేసి నిలబడ్డారు. ఆ తరువాత వంగి రెండు గిట్టలూ తడిమి చూశారు. చల్లగానే ఉన్నాయి.