ట్రక్కు వెనక ఎర్ర దీపం

తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయిన తర్వాత కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి సింధనూరు, గంగావతి, మాన్వి తాలూకాల్లో క్యాంపులు కట్టుకున్న మన తెలుగు కుటుంబాలకి ట్రాక్టరు ఇంటి మనిషితో సమానం. ఇంజను ఆయిలు మార్పించడం, దసరాకి కడిగి బొట్టుపెట్టడం ఎవరూ మరిచిపోరు. కానీ వెనక తగిలించే ట్రక్కు సంగతి? దాన్ని కొందరు ట్రాలీ అంటారు, కాగితాల్లో ట్రెయిలరు అని ఉంటుంది. పేరేదైనా దాని వెనక దీపాలు వెలుగుతున్నవి ఎన్ని?

రూరల్ బ్రాంచిలో పనిచేసిన రోజుల్లో అప్పు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ట్రక్కు వెనక్కి వెళ్ళి చూడటం నాకు అలవాటు. పగిలిన అద్దాలు, వేలాడే వైర్లే ఎక్కువ. అడిగితే, "రాత్రిళ్ళు తిరిగేది ఎంతసేపండీ, మిల్లు దాకేగా!" అనేవారు.

ఆ మిల్లు దాకా లెక్క ఒకసారి చూద్దాం. వడ్ల లోడుతో ట్రక్కు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వెనక వచ్చే కారు వేగం 80. తేడా 60, అంటే సెకనుకి సుమారు 17 మీటర్లు. డిమ్ లైటులో 50 మీటర్ల దూరాన ట్రక్కు కనపడిందనుకుంటే, మధ్య దూరం మూడు సెకన్లలో కరిగిపోతుంది. డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేసేసరికే ఒకటిన్నర సెకను పోతుంది. ఎదురు లారీ లైటు కళ్ళలో పడితే ఆ 50 మీటర్లూ ఉండవు. అదే రెండు ఎర్ర దీపాలు వెలుగుతుంటే వందల మీటర్ల ముందే తెలుస్తుంది.

దీపాలు ఎందుకు పోతాయి? బల్బు మాడడం కంటే ఎర్తు చెడడమే ఎక్కువ. చాలా ట్రక్కులకి ఎర్తు వైరు విడిగా వేయరు, కరెంటు హుక్కు పిన్ను ద్వారానే ట్రాక్టరుకి తిరిగి చేరాలి. ఆ పిన్నుకి గ్రీజు, తుప్పు, బురద. పైగా గతుకుల్లో ఊగుతూ ఉంటుంది. ఇండికేటరు వేసినప్పుడు టెయిల్ లాంపు కూడా మసగ్గా మిణుకుమంటే బల్బుని అనుమానించకండి, ఎర్తు చూడండి. యూరియా, పొటాషు బస్తాల నుంచి రాలిన ఎరువు కూడా తడి తగిలితే రాగి తీగని తినేస్తుంది.

అతుకుల మీద అతుకులు వేసిన పాత వైరుని బాగుచేయబోవడం దండగ. మొత్తం తీసేసి కొత్తది వేయించాలి. ముందుగా బ్యాటరీ నెగటివు తీగ విప్పాలి. దీపాలకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి పోగుల వైరు, ఎర్తుకి 2.5 వైరు సరిపోతుంది. ఎర్తుని ప్రతి లాంపు నుంచీ ప్లగ్గు దాకా విడిగా తీసుకురావాలి. ఛాసిస్‌కి బిగించేచోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు వేయాలి.

ఏడు పిన్నుల సాకెట్టుకి ఒక పద్ధతి ఉంది. 1 ఎడమ ఇండికేటరు, 2 అదనపు దీపానికి, 3 ఎర్తు, 4 కుడి ఇండికేటరు, 5 కుడి టెయిల్ లాంపు, 6 బ్రేకు లైటు, 7 ఎడమ టెయిల్ లాంపు. అంగట్లో దొరికే వైరు రంగు మారినా ఈ నెంబరు మారకూడదు. అప్పుడే పక్కవాళ్ళ ట్రాక్టరుకి తగిలించినా దీపాలు సరిగ్గా వెలుగుతాయి.

వైరు ఇనుములోంచి దూరేచోట రబ్బరు రింగు, అడుగడుగుకీ ఒక క్లిప్పు తప్పనిసరి. హుక్కు దగ్గర మలుపు తిరిగేందుకు సరిపడా వదులు ఉంచాలి, నేలకి మాత్రం రాసుకోకూడదు. మెలిపెట్టి టేపు చుట్టడానికి బదులు, లగ్గు నొక్కించి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగిస్తే వానకి చెడదు. సాకెట్టు లోపల కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే చిలుము పట్టదు. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టడం మాత్రం వద్దు. అది వైరింగుకే నిప్పు పెడుతుంది.

నీళ్ళు, అదురు తట్టుకునే సీలు వేసిన ఎల్‌ఈడీ లాంపులు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. ఇవి తక్కువ కరెంటుతో వెలుగుతాయి. ఇవి వేశాక ఇండికేటరు మరీ వేగంగా కొట్టుకుంటే ఫ్లాషరు కూడా మార్చాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కలకి పసుపు టేపు అంటించడం మానవద్దు. కరెంటు లేకపోయినా అవి పనిచేస్తాయి.

ఇంత ఖర్చూ రెండు మూడు బస్తాల వడ్ల ధరకి మించదు. బ్యాంకువాడిగా అవతలి పద్దు కూడా చెప్పాలి. దీపం లేని బండిని వెనకనుంచి గుద్దినా, ఆ బండి యజమానిదీ తప్పు ఉందని కోర్టులు అనేకసార్లు తీర్పులిచ్చాయి. ఇక పోయిన ప్రాణానికి ఏ పద్దులోనూ జమ ఉండదు. ఆ కారులో ఉన్నది పెళ్ళినుంచి వస్తున్న మన క్యాంపు వాళ్ళే కావచ్చు.

కోతలు మొదలయ్యేముందు ఒక సాయంత్రం ట్రక్కు తగిలించి, పిల్లవాణ్ణి వెనక నిలబెట్టి, ఎడమ, కుడి, బ్రేకు, టెయిల్ లాంపు వరసగా వేసి చూడండి. పది నిమిషాల పని. పిల్లవాడికీ ఒక పాఠం అవుతుంది.