ఎంటర్ నొక్కని సెల్

మదనపల్లె టమోటా యార్డు గురించి ఈ హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు టీవీలన్నీ ఇక్కడికే వచ్చాయి. ఆ మరుసటి ఏడు వేసవి సెలవుల్లో మేము ముగ్గురం ఆ యార్డులో ఒక మండీలో లెక్కలు ఎక్కించే పనికి కుదిరాం. ఇక్కడే పదో తరగతి దాకా చదివినవాళ్లం, ఇప్పుడు కుప్పంలో పీజీ చేస్తున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా తెచ్చినవాళ్లలో మేమే మొదలు. కంప్యూటర్ వచ్చునని గుమాస్తా దగ్గర కొంచెం గొప్పగా చెప్పుకున్న మాట కూడా నిజమే.

పని సులువే. రైతు పేరు, బాక్సులు, ధర, కమీషన్. కరెంటు పోతుందన్న భయంతో ఎక్సెల్‌లో ఒక మాక్రో రాశాం. ఐదు నిమిషాలకొకసారి అది ఫైలును సేవ్ చేసి, మళ్లీ ఐదు నిమిషాల తర్వాతకు తనకు తానే గంట పెట్టుకుంటుంది. దీనికి వాడే ఆజ్ఞ పేరు ఆన్‌టైమ్.

ఒకరోజు 38 అని టైపు చేసి, ఎంటర్ నొక్కకుండానే మాలో ఒకడు టీకి వెళ్లాడు. తిరిగొచ్చి పని సాగించాం. దాదాపు రెండు గంటల తర్వాత కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఆటోరికవర్ ఎవరో ఆపేసి ఉన్నారు. కంప్యూటర్ తెరిచి చూస్తే ఆ టీ తర్వాత ఎక్కించిన ఒక్క వరుసా లేదు.

ఎందుకో తెలుసుకోవడానికి రాత్రంతా పట్టింది. సెల్‌లో టైపు మొదలుపెట్టగానే ఎక్సెల్ కింద ఎడమ మూలన ఉన్న 'రెడీ' పోయి 'ఎంటర్' అని వస్తుంది. ఎఫ్2 నొక్కితే 'ఎడిట్' అవుతుంది. ఈ రెండు స్థితుల్లో మాక్రో నడవదు. మన మెస్‌లో వంటమాస్టరు వడ్డిస్తుంటే స్టోరు తాళం తీయమన్నామనుకోండి, గరిటె కింద పెట్టాకే కదా వస్తాడు! మామూలుగా ఆన్‌టైమ్ కూడా అలాగే కాచుకుని, సెల్ వదలగానే నడుస్తుంది. మేము మాత్రం అతితెలివితో 'లేటెస్ట్‌టైమ్' అని ముప్పై సెకన్ల గడువు పెట్టాం. గడువు దాటితే ఆ పిలుపును ఎక్సెల్ వదిలేస్తుంది. తర్వాతి గంట పెట్టాల్సింది ఆ మాక్రోనే కాబట్టి, ఒక్కసారి తప్పిందంటే గొలుసు మొత్తం తెగినట్టే. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

గడువు తీసేశాం. తర్వాతి గంటను మాక్రో మొదట్లోనే పెట్టించాం, సేవ్‌లో పొరపాటు జరిగినా గొలుసు నిలుస్తుంది. ఫైలు మూసేటప్పుడు ఆ గంటను రద్దు చేయడం మరవద్దు. ఎక్సెల్ తెరిచే ఉంటే మూసిన ఫైలు దానంతటదే మళ్లీ తెరుచుకుంటుంది, చూసినవాళ్లు దయ్యమనుకుంటారు.

షీట్‌కు 'ఛేంజ్' అనే ఈవెంట్ కూడా ఉంది. అది సెల్‌లో మార్పు ఖాయమయ్యాకే పలుకుతుంది. ప్రతి పది వరుసలకూ సేవ్ అయ్యేలా దాన్ని జోడించాం. ఆ ఈవెంట్ లోపలి నుంచే షీట్‌లో ఏమైనా రాస్తే అది తనను తానే మళ్లీ పిలుచుకుంటుంది. కాబట్టి ముందు ఎనేబుల్‌ఈవెంట్స్‌ను ఆపి, చివర తప్పక తిరిగి పెట్టాలి. మాక్రో షీట్‌ను మార్చాక కంట్రోల్ జెడ్ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. ఒక్కో అక్షరానికీ మాక్రో నడవాలంటే సెల్‌లో కుదరదు, యూజర్‌ఫామ్‌లో టెక్స్ట్‌బాక్స్ లాంటిది వాడాలి.

పోయిన వరుసలను మరునాడు రైతుల చేతిచీటీలు అడిగి మళ్లీ ఎక్కించాం. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చీటీ తడిసి అంకె చెరిగిపోయింది. "నా కష్టం మీ పెట్టెలో పోయిందా నాయనా?" అన్నాడు. ఆయనవి 38 బాక్సులు. టీకి వెళ్లినవాడికి ఆ అంకె గుర్తుండబట్టి సరిపోయింది.

తర్వాతి వారం ఆయన వచ్చినప్పుడు కుర్చీ వెనకే నిలబడి, మేము ఎంటర్ నొక్కేదాకా కదల్లేదు.