బస్సుకూ చార్జింగు

మన గోదావరిఖనిలో చార్జింగు అంటే తెలియంది ఎవరికి? సెల్‌ఫోన్లు రాక ముందే బాయి పనికి పోయేవాళ్లకు అది తెలుసు. మస్టరు పడ్డాక ల్యాంపు రూముకు పోతారు. క్యాప్ ల్యాంపు తీసుకుంటారు. వెనకట దాని బ్యాటరీ చాలా బరువు. నడుము పట్టీకి తగిలించుకునేవారు. ఇప్పుడు తేలికవి వచ్చాయి. షిఫ్టు అయిపోయాక ల్యాంపును మళ్లీ చార్జింగుకు పెట్టాలి. చార్జింగు సరిగ్గా ఎక్కలేదనుకోండి. షిఫ్టు సగంలోనే వెలుతురు మందగిస్తుంది. బాయిలో చీకటంటే ఎట్లుంటుందో దిగినవాళ్లకే తెలుసు.

కరెంటు బస్సు సంగతీ అంతే. దానికి డీజిలు ట్యాంకు ఉండదు, బ్యాటరీ ఉంటుంది. ఇంజను ఉండదు, మోటారు ఉంటుంది. మన ఆర్టీసీ ఈ బస్సులను 2019 లో హైదరాబాదులో మొదలుపెట్టింది. అప్పుడు శంషాబాదు విమానాశ్రయానికి నడిపారు. 2024 లో కరీంనగరుకూ వచ్చాయి. ఈ బస్సు పెద్దగా చప్పుడు చేయదు. వెనక నుంచి వస్తున్నా వినిపించదు. రోడ్డు దాటేటప్పుడు చెవులను నమ్ముకోకండి.

బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుంది? మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి. అందులో యూనిట్లు రాసి ఉంటాయి. మీ ఇంట్లో నెలకు 100 యూనిట్లు కాలాయనుకుందాం. పెద్ద బస్సు బ్యాటరీలో 200 నుంచి 300 యూనిట్లు పడతాయి. మీకు రెండు మూడు నెలలు వచ్చే కరెంటును బస్సు ఒక్క రోజులో తాగేస్తుంది! ఒక యూనిట్‌కు సుమారు ఒక కిలోమీటరు పోతుంది. ఏసీ వేసినా, జనం కిక్కిరిసినా ఇంకాస్త ఎక్కువ కావాలి.

మరి ఇంటి ప్లగ్గుకు పెడితే నిండదా? మన ఇంట్లో పెద్ద ప్లగ్గు కూడా గంటకు మూడు యూనిట్లే ఇస్తుంది. 250 యూనిట్లు నిండాలంటే మూడు రోజులు దాటుతుంది. అందుకే డిపోకు 11 వేల ఓల్టులదో, 33 వేల ఓల్టులదో లైను వేస్తారు. ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. దాని నుంచి కరెంటు చార్జరుకు వస్తుంది. చార్జరు బీరువా అంత ఉంటుంది. తీగల్లో వచ్చేది ఏసీ కరెంటు. బ్యాటరీకి డీసీ కరెంటు కావాలి. చార్జరు దాన్ని మార్చి ఇస్తుంది.

లావుపాటి కేబులును బస్సుకు తగిలిస్తారు. వెంటనే కరెంటు పారదు. బ్యాటరీ ఎంత ఖాళీ అయింది, ఎంత వేడిగా ఉంది అని చార్జరుకు బస్సు నుంచి కబురు అందాలి. అన్నీ సరిగ్గా ఉంటేనే మొదలవుతుంది. గంటకు 100 యూనిట్లు ఇచ్చే చార్జరయితే 250 యూనిట్లకు రెండున్నర గంటలు చాలనుకుంటాం. చాలదు. బిందె నిండవచ్చేసరికి నల్లా తగ్గిస్తాం కదా. చార్జరు కూడా చివరికి వచ్చేసరికి నెమ్మదిగా నింపుతుంది. లేకుంటే బ్యాటరీ చెడిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. బస్సు పగలంతా తిరుగుతుంది. ఎక్కువగా రాత్రే చార్జింగుకు పెడతారు. రాత్రి పూట కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు బొగ్గు నుంచే. రామగుండం ఎన్టీపీసీలో మండేది మన సింగరేణి బొగ్గు. ఒక యూనిట్ తయారు కావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. 250 యూనిట్లకు ఎంతయిందో మీరే లెక్క కట్టండి. 175 కిలోలు!

బస్సుకు పొగ గొట్టం లేని మాట నిజం. పట్నంలో రోడ్డు పక్కన నిలబడేవాళ్ల ఊపిరికి అది మేలే. కాని పొగ గొట్టం లేకుండా పోలేదు. మన ఊరి చిమ్నీలో ఉంది. బూడిద కూడా మన దగ్గరే మిగులుతోంది. పొగ లేని బస్సు అని ఎవరైనా అంటే, ఈ సంగతి మనం చెప్పాలి.

అదే రామగుండంలో ఎన్టీపీసీ వాళ్ల రిజర్వాయరు నీళ్ల మీద సోలారు పలకలు తేలుతున్నాయి. అది 100 మెగావాట్ల ప్లాంటు. 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. మంచి ఎండలో గంటకు లక్ష యూనిట్ల దాకా ఇవ్వగలదు. 400 బస్సుల బ్యాటరీలు నిండే కరెంటు అది. కాని పొద్దు గూకితే ఆగిపోతుంది. రాత్రికి దాచుకోవాలంటే వేరే పెద్ద బ్యాటరీలు కావాలి. వాటికి ఖర్చు చాలా అవుతుంది. ఖర్చు లేకుండా అయ్యే పని ఒకటుంది. మధ్యాహ్నం రెండు ట్రిప్పుల నడుమ బస్సు ఎట్లాగూ ఆగుతుంది. డ్రైవరు అన్నం తినే ఆ గంటలో కేబులు తగిలిస్తే, రాత్రికి ఆ మేరకు బొగ్గు తక్కువ కాలుతుంది.