బండి ఒకటే, ఇంజన్ మాత్రం మూడు బళ్లది

పాత అంబాసిడర్ కొనాలనుకునేవాళ్లు ముందు పెయింట్, సీట్లు, గుండ్రటి హెడ్‌లైట్లు చూస్తారు. అసలు చూడాల్సింది బానెట్ లోపల. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇంకా ఉందని గ్యారంటీ లేదు. బ్లాక్ ఒక బండిది, హెడ్ ఇంకో బండిది, కార్బురేటర్ మూడోదానిది అయ్యుండొచ్చు.

ఇలా కలపడం ఎలా కుదురుతుంది? అంబాసిడర్ ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది. ఏళ్ల తరబడి దాంట్లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌ది బీఎంసీ ‘బి-సిరీస్’ కుటుంబం. ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదట్లో నడిచింది కూడా 1489 సీసీ బి-సిరీస్ మీదే. 1962లో వచ్చిన ఎంజీబీలో అదే కుటుంబం 1798 సీసీకి పెరిగింది. స్ట్రోక్ రెండిట్లోనూ 88.9 మి.మీ.; బోర్ మాత్రం 73 నుంచి 80 దాటింది. అందుకే అన్నదమ్ముల చొక్కాల్లా కొన్ని పార్టులు ఒకదానివి ఇంకోదానికి పట్టేస్తాయి.

కానీ పట్టడం వేరు, సరిపోవడం వేరు. చిన్న లెక్క చూద్దాం. 1798 సీసీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 450 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 54 సీసీ అనుకుంటే కంప్రెషన్ (450+54)/54, అంటే 9.3. అదే ఖాళీ ఉండేలా ఆ హెడ్‌ని 1489 బ్లాక్ మీద పెడితే సిలిండర్ 372 సీసీ, కంప్రెషన్ 7.9కి పడిపోతుంది. బండి స్టార్ట్ అవుతుంది, కానీ పికప్ ఉండదు, పెట్రోల్ మాత్రం తాగుతుంది. ఇంకొకటి, ఎంజీబీ మొదటి ఇంజన్లలో క్రాంక్‌కి మూడు మెయిన్ బేరింగులు, తర్వాతి వాటిలో ఐదు. ఆ క్రాంక్ ఈ బ్లాక్‌లో కూర్చోదు. మన సీఎస్ఈ వాళ్లకి చెప్పాలంటే, లైబ్రరీ పేరు అదే, వెర్షన్ వేరు.

ఇక కాగితాలు. ఆర్సీలో ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ ఉంటాయి. ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ ప్రకారం బండికి 50 ఏళ్లు దాటితే చాలదు, ఒరిజినల్ రూపంలో ఉండాలి కూడా. ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉంటే ఆ ‘వీఏ’ నంబర్ ప్లేట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మా మావయ్యకి 1971 మార్క్ 2 ఉంది. బ్లాక్ పగిలితే ఎప్పుడో వేరేది వేయించి, ఆర్సీలోనూ మార్పించాడు. ఈమధ్య ఒకాయన, “పాత నంబర్ దీనిమీద పంచ్ కొట్టిస్తే ఒరిజినల్ అని డబుల్ రేటుకి అమ్మొచ్చు” అని సలహా ఇచ్చాడు. అది రిపేర్ కాదు, ఫోర్జరీ. మావయ్య ఒప్పుకోలేదు. ఇంట్లో కొందరికి ఆ డబ్బు పోయిందని ఇంకా బాధే.

నా దృష్టిలో మిక్స్‌డ్ ఇంజన్ తప్పేం కాదు. 2014లో ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. దొరికిన పార్టుతో బండిని బతికించుకోవడం కూడా ప్రేమే. కాకపోతే ఏ పార్టు ఏ బండిది, ఎప్పుడు వేశాం, ఏ సైజుకి రీబోర్ చేయించాం అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాలి. రేపు షెడ్డులో బానెట్ ఎత్తే మెకానిక్‌కి, ఎల్లుండి కొనేవాళ్లకి నిజం చెప్పేది ఆ పుస్తకమే.