క్షయ క్రిమికి కవచం, మనకు హెచ్చరిక

ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం ఒకప్పుడు నాచారంలో ఉండేది. 1999లో దాని తొలి డైరెక్టరుగా బాధ్యతలు స్వీకరించినవారు సయ్యద్ ఎహ్తెషాం హస్నైన్. 1954లో బీహారులోని గయలో జన్మించిన ఈ విజ్ఞాని క్షయ క్రిమి పరిశోధనకు ఎన్నో ఏళ్లు వెచ్చించారు. 2005లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2006లో పద్మశ్రీ పొందారు.

క్షయ క్రిమి దేహంలో ప్రవేశించగానే మన రక్షక కణాలు దానిపై హైడ్రోజన్ పెరాక్సైడు వంటి విషాలను ప్రయోగిస్తాయి. క్రిమి ‘కాట్‌జీ’ అనే ఎంజైముతో ఆ విషాన్ని విరిచి ప్రాణం నిలుపుకుంటుంది. విచిత్రమేమంటే, 1952 నుండి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్ మందుకు చైతన్యమిచ్చేది కూడా ఆ ఎంజైమే! కవచమే క్రిమి పాలిట మృత్యువవుతుంది. అయితే ఆ ఎంజైము జన్యువు మారిన క్రిములపై మందు పారదు. ఉత్తర భారత రోగుల నుండి సేకరించిన మొండి క్రిములలో ఇటువంటి మార్పులను హస్నైన్ బృందం 2002లో వెల్లడించింది.

మందును నడుమ ఆపితే లొంగే క్రిములు నశించి, మొండివి మిగిలి వృద్ధి చెందుతాయి. దగ్గు తగ్గిందనో, పెళ్లి సంబంధాలు చెడతాయనో ఆడపిల్ల జబ్బును దాచి, రెండో నెలలోనే మాత్రలు మాన్పించే ఇళ్లను మేమెరుగుదుము. ఆ మొండి క్రిమే ఆ ఇంటి పసివారికీ సోకవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితం. ప్రాణం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. వైద్యుడు చెప్పిన చివరి మాత్ర వరకు వేయించడం ఆ అమానతును కాపాడడమే.