పురుష హార్మోను - హృదయ కండరము

మూసిన పిడికిలియంత గుండె దినమునకు సుమారు లక్షసార్లు ముడుచుకొని విచ్చుకొనుచుండును. ఈ పనికి ఆధారము హృదయ కండర కణములు. ఇవి చర్మ కణములవలె విభజన చెంది సంఖ్యలో పెరుగజాలవు. నశించినచో వాని స్థానమున క్రొత్తవి పుట్టుట అత్యల్పము. భారము హెచ్చినప్పుడు ఉన్న కణములే లావెక్కును. ఇట్టి కణములపై పురుష హార్మోను చూపు ప్రభావమును, కండలు పెంచగోరు యువకులు తప్పక తెలిసికొనవలెను.

పురుష హార్మోనులలో ముఖ్యమైనది టెస్టోస్టిరోను. ఇది వృషణములందు తయారై రక్తముతో దేహమంతట వ్యాపించును. స్త్రీల దేహమందును కొలదిగా నుండును. 1849లో జర్మనీ దేశమున బెర్తోల్డు అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల వృషణములను తొలగించగా, వాని తురాయి ఎదుగలేదు; కూతయు, పోరాటమును లేకపోయెను. వృషణమును తిరిగి పొట్టలో అమర్చిన పుంజులు మాత్రము యథాప్రకారము పెరిగెను. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు ఆబోతుల వృషణములనుండి టెస్టోస్టిరోనును వేరుచేసిరి.

హృదయ కండర కణములో ఈ హార్మోనును పట్టుకొను మాంసకృత్తు ఒకటి కలదు. దానిని గ్రాహకమందురు. తాళములో తాళపుచెవివలె హార్మోను అందు ఇమిడినంతనే, ఆ జంట కణకేంద్రమున పనిచేసి కొన్ని జన్యువులను మేల్కొల్పును. అంతట కణము మాంసకృత్తులను అధికముగా తయారుచేసికొని లావెక్కును. స్త్రీపురుషులిరువురి గుండెలందును ఈ గ్రాహకములున్నవని 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతేకాక, ప్రతి స్పందన పిమ్మట కణము విద్యుత్పరముగా మరల సిద్ధమగు కాలమును ఈ హార్మోను కొంత తగ్గించును.

ప్రకృతి ఒసగిన మోతాదులో ఇది మేలే. కాని కండలకొరకు కొందరు తీసికొను అనబాలిక్ స్టిరాయిడ్లు ఈ హార్మోను జాతికి చెందినవే. వానిని వైద్యపు మోతాదునకు అనేక రెట్లు వాడుచున్నారు. అప్పుడు గుండె ఎడమ జఠరిక గోడ దళసరియై బిఱుసెక్కును. రక్తమును నెట్టు శక్తి సన్నగిల్లును. మేలు చేయు కొలెస్టరాలు తగ్గి, కీడు చేయునది పెరిగి, ధమనులు పూడుకొనును. అద్దములో భుజములు కనిపించును గాని గుండె కనిపించదు.

హార్మోను నిజముగా కొరవడినవారికి వైద్యులు దీనిని ఇత్తురు. అట్టి పురుషులు అయిదువేలమందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. గుండెపోటు, పక్షవాతము వంటివి హెచ్చలేదు. కాని గుండె లయ తప్పుట వంటి కొన్ని చిక్కులు అధికముగా కనబడినవి. కావున వైద్యుని పర్యవేక్షణ ఉండియే తీరవలెను.

వ్యాయామము, పప్పు, పాలు, గ్రుడ్లు, చాలినంత నిద్ర - దేహబలమునకు ఇవియే రాజమార్గము. స్టిరాయిడ్లు వాడినవారు ఆ సంగతిని వైద్యునికి దాచక చెప్పవలెను. ఆయాసము, గుండెదడ, ఛాతీనొప్పి, స్పృహ తప్పుట కనిపించినచో క్షణము జాగుచేయక ఆసుపత్రికి పోవలెను.